ముల్లు పోయి అంకె వచ్చిన కథ

కొలత అన్నది మన సీమవారికి క్రొత్త విద్య కాదు. ఆదోని అంగళ్లలో ప్రత్తియు, కర్నూలు సంతలో ఉల్లియు, ప్రొద్దుటూరు బజారులో బంగారమును తూకము మీదనే చేతులు మారుచు వచ్చినవి. వెనుకటి దినములలో త్రాసు నెత్తిన వర్తకుడు మొదట వట్టి చిప్పలను కొనువానికి చూపెడివాడు. ముల్లు నడిమికి వచ్చి నిలిచినదని ఇరువురును చూచిన పిమ్మటనే చిప్పలో సరకు పడెడిది. వట్టి త్రాసును చూచుట క్షణకాలపు పని. కాని బేరములోని నమ్మకమంతయు ఆ క్షణమునందే ఉండెడిది. కొలుచు సాధనమును ముందుగా పరీక్షించి, పిదప దాని మాట వినవలెనను నియమమును మన పెద్దలు ఈ విధముగా ఆచరణలో ఉంచిరి.

విద్యుచ్ఛక్తి విషయమున ఈ నియమము మరింత ముఖ్యమైనది. వడ్లు కంటికి కనబడును, బంగారము చేతికి బరువు తెలియజేయును. విద్యుత్తు కంటికి కానరాదు. తాకి చూడదగినది అసలే కాదు. దానిని గూర్చి మనకు తెలియునదంతయు ఒక పరికరము ముఖము మీద కనబడు గురుతు మాత్రమే. ఆ ముఖము మీద నూరేండ్లకు పైగా ముల్లు ఆడినది. ఇప్పుడు అంకెలు వెలయుచున్నవి. ముల్లు పోయి అంకె వచ్చిన క్రమమును, ఆ అంకెలు చెడినపుడు బాగుచేయు విధానమును, ఈ విద్య కర్నూలు కడప ప్రాంతములలో ఏల ముఖ్యమైనదో ఆ కారణమును ఈ వ్యాసమున విచారింతము.

విద్యుత్తు వలన ముల్లు కదలునని లోకమునకు తెలిసినది 1820లో. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ అయిర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ దాపున నున్న దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుటను కనుగొనెను. కొలతల ముఖమునకు అదియే పుట్టుక. 1881లో పారిసు నగరమున సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ సభ వోల్టు, ఆంపియరు, ఓము అను పేర్లను స్థిరపరచెను. మరుసటి యేట, అనగా 1882లో, ఫ్రాన్సు దేశీయులు డెప్రే, ఆర్సొన్‌వాల్ అనువారు అయస్కాంతపు కొనల నడుమ సన్నని తీగచుట్ట తిరుగునట్లు ఒక పరికరమును నిర్మించిరి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది తిరుగును. దానికి అంటియున్న ముల్లు కూడ తిరుగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగుచుండును. ఈ రెండు బలములు సరితూగిన చోట ముల్లు నిలుచును. 1888లో ఎడ్వర్డు వెస్టన్ అమెరికాలో తన కర్మాగారమును స్థాపించి, చేతపట్టి తీసికొనిపోగలిగిన మీటర్లను లోకమునకు అందించెను.

ముల్లునకు దాని గుణములు, దాని దోషములు రెండును కలవు. అది మెల్లగా లేచునపుడు విద్యుత్తు పెరుగుచున్నదని తెలియును. వణకినపుడు ఎచ్చటనో తీగ వదులైనదని తెలియును. కాని ప్రక్కనుండి చూచువానికి ఒక అంకె మీదను, ఎదుటనుండి చూచువానికి మరియొక అంకె మీదను నిలిచినట్లు కనబడును. అందుకే మేలైన మీటర్లలో ముల్లు క్రింద అద్దపు పట్టీ నుంచిరి. ముల్లును, అద్దములోని దాని నీడయు ఒకటైనట్లు కనబడిన చోటు సరియైన చూపు. ముల్లు సున్న మీద నిలువనిచో త్రిప్పి సరిచేయుటకు ముందుభాగమున చిన్న మర ఒకటి ఉండును. అద్దపు పట్టీ యనగా చూపునకు పరీక్ష. సున్న మర యనగా ముల్లునకు పరీక్ష. వట్టి త్రాసు చూపించు ఆచారమే ఇక్కడ వేషము మార్చుకొని కనబడుచున్నది.

ఒక్క పెట్టెతోనే ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడును కొలువవచ్చునన్న ఆలోచన డొనాల్డ్ మెకాడీ అను బ్రిటిషు తపాలా శాఖ ఇంజనీరుది. వేర్వేరు మీటర్లను మోసికొని తిరుగుట విసుగై, ఆతడు రూపొందించిన పరికరము 1923లో అంగడికి వచ్చెను. మూడు కొలతల పేర్లలోని మొదటి అక్షరములను కలిపి దానికి ‘ఆవో మీటరు’ అని పేరిడిరి. ఆ వంశపు మీటర్లు 2008 వరకు తయారగుచుండెననిన వాని గట్టిదనము బోధపడును. నేడు మనము మల్టీమీటరు అను దానికి మూలపురుషుడు అదియే.

మన ప్రాంతమున ఇట్టి మీటరునకు తొలి నెలవులలో ఒకటి రేడియో బాగుచేయువాని బల్ల. 1938లో మదరాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వెలసినవి. కేంద్రములు దగ్గరైన కొలది ఇండ్లలో రేడియోలు పెరిగినవి. రేడియోలతో పాటు వానిని బాగుచేయు అంగళ్లును పెరిగినవి. వాల్వు రేడియోలో రెండువందల వోల్టులకు మించిన విద్యుత్తు ఉండుట సామాన్యము. ఏ చోట ఎన్ని వోల్టులు ఉండవలెనో రేడియోతో వచ్చు సర్వీసు పత్రము తెలుపును. ఇంట పాత రేడియో గల పాఠకులు ఈ సందర్భమున ఒక విశేషమును గమనింపవలెను.

లక్ష ఓముల నిరోధములు రెండింటిని వరుసగా కలిపి, 200 వోల్టులకు తగిలించితిమనుకొందము. నడిమి బిందువున న్యాయముగా 100 వోల్టులు ఉండవలెను. వోల్టుకు 1,000 ఓముల లెక్కన నిర్మించిన పాత ముల్లు మీటరును 100 వోల్టుల స్థాయిలో అచ్చట ఉంచినచో అది దాదాపు 67 మాత్రమే చూపును. ఏలయనగా ఆ మీటరు తానే లక్ష ఓముల దారియై కొంత విద్యుత్తును త్రాగివేయును. వోల్టుకు 20,000 ఓముల మేలైన మీటరు 97కు పైగా చూపును. కోటి ఓముల నిరోధము గల డిజిటల్ మీటరు 99కి పైగా చూపును. మూడు మీటర్లును నిర్దోషములే. మూడును మూడు మాటలు చెప్పుచున్నవి. పాత సర్వీసు పత్రములోని వోల్టేజి ఏ రకపు మీటరుతో కొలిచినదో ఆ పత్రముననే వ్రాసియుండుట సామాన్యము. దానిని చదువక, డిజిటల్ మీటరు ఎక్కువ చూపుచున్నదని మంచి భాగములను మార్చివేసినచో రేడియో చెడును.

మీటరు క్రమముగా రేడియో బల్ల దిగి పొలమునకు వచ్చెను. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుండి నీరు వచ్చెను. ఆ యేడే కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యయ్యెను, 1956 వరకు అట్లే ఉండెను. 1963లో శ్రీశైలమున ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను; 1982లో అచ్చట విద్యుదుత్పత్తి ఆరంభమయ్యెను. కడప జిల్లాలో ముద్దనూరు దాపున రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము 1994లో పనిచేయ మొదలిడెను. 2017లో గని, శకునాల గ్రామముల యొద్ద 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము సిద్ధమయ్యెను. ఇంతలో వర్షము చాలని పల్లెలలో బావులు ఎండి బోర్లు వెలసినవి. బోరు బోరుకు మోటారు, స్టార్టరు దిగినవి. ఒకప్పుడు పట్టణములో నలుగురైదుగురికి మాత్రమే కావలసిన మీటరు ఇప్పుడు లైన్‌మన్ సంచిలోను, వైండింగు అంగడిలోను, బ్యాటరీ దుకాణములోను, సౌర ఫలకములు బిగించువాని జేబులోను ఉండవలసిన వస్తువైనది. అట్లు వ్యాపించినది ముల్లు మీటరు కన్న అంకెల మీటరే యెక్కువ.

అంకెల మీటరు పుట్టుక అమెరికాలో. ఆండ్రూ కే అను ఇంజనీరు 1952లో కాలిఫోర్నియాలో నాన్ లీనియర్ సిస్టమ్స్ అను సంస్థను స్థాపించి డిజిటల్ వోల్టుమీటరును నిర్మించెను. దాని కడుపులో టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వలె మీటలు టకటకలాడుచు సరియైన అంకె కొరకు వెదకెడివి. అది పెద్ద ప్రయోగశాలలు మాత్రమే కొనగలిగిన సరకు. 1955లో బరోస్ సంస్థ ‘నిక్సీ’ అను గాజు గొట్టమును తెచ్చెను. నియాను వాయువు నింపిన ఆ గొట్టములో సున్న మొదలు తొమ్మిది వరకు పది అంకెల ఆకారముగా వంచిన సన్నని తీగలు ఒకదాని వెనుక నొకటి ఉండును. ఏ తీగకు విద్యుత్తు అందిన ఆ అంకె నారింజ వన్నెతో మెరయును.

నిక్సీ గొట్టమునకు వచ్చు జబ్బు ఒకటి చెప్పదగినది. ఒకే అంకె చిరకాలము వెలుగుచున్నచో, దాని నుండి లేచిన లోహపు పొడి తక్కిన అంకెల తీగల మీద పేరుకొనును. పిదప ఆ అంకెలు పూర్తిగా వెలుగవు. కొంత భాగము చీకటిలోనే ఉండిపోవును. పనిలేక కూర్చున్న అంకెకే ఈ జబ్బు వచ్చుననుట చిత్రము. చికిత్స కూడ దానికి తగినదే: చెడిన అంకెను కొంచెము హెచ్చు విద్యుత్తుతో కొన్ని గంటలు వెలిగించి ఉంచినచో ఆ పొడి రాలిపోయి, తరచుగా వెలుగు తిరిగి వచ్చును. అంకెల ముఖమునకు మరమ్మతు విద్య ఆ దినములలోనే ఆరంభమైనదని చెప్పవచ్చును.

1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగునిచ్చు డయోడును చేసెను. కొంతకాలమునకు చిన్న చిన్న ఎఱ్ఱని గీతలతో అంకెలు కూర్చు పద్ధతి వచ్చెను. మన దేశమున ఎలక్ట్రానిక్ పరికరములను స్వయముగా చేసికొనవలెనను సంకల్పముతో 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. దానిని నడిపించిన అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించినవారు. అణు కేంద్రములకు కావలసిన కొలత పరికరములు, నియంత్రణ సాధనములు ఆ సంస్థలో తయారైనవి. ఎలక్ట్రానిక్ విద్య తెలుగువారి ఇంటి విద్యగుటకు అది బలమైన పునాది.

ఐనను సామాన్యుని చేతికి అంకెల మీటరు అందుటకు వెలుగునిచ్చు అంకెలు చాలవు. అవి బ్యాటరీని త్వరగా హరించును. వెలుగు నీయక, వెలుగును అడ్డగించి అంకె చూపు పదార్థము కావలసి వచ్చెను. ఆ పదార్థము అప్పటికి ఎనుబదేండ్ల పాతది. 1888లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రాగు నగరమున ఒక పదార్థమును కాచుచు, అది రెండు మార్లు కరగుటను చూచెను. 145 డిగ్రీల దాపున గట్టితనము వీడి మబ్బువలె నుండు ద్రవమయ్యెను. 178 డిగ్రీల దాపున తేటపడెను. ఆ మబ్బు ద్రవమునకు తరువాత ద్రవస్ఫటికమను పేరు వచ్చినది. 1968లో జార్జి హైల్‌మయర్ బృందము దానితో అంకెలు చూపవచ్చునని ప్రకటించెను. 1970లో స్విట్జర్లాండులో షాట్, హెల్‌ఫ్రిష్ అనువారు నేటికిని వాడుకలో నున్న మెలిక పద్ధతిని కనుగొనిరి. మన పొరుగున బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్‌గారు, సహచరులు 1977లో పళ్లెపు ఆకారపు అణువులు గల క్రొత్త జాతి ద్రవస్ఫటికములను లోకమునకు చూపి కీర్తి గాంచిరి.

మన ఎండలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధము కలదు. ద్రవస్ఫటికము కొంత వేడిని మించినచో తేట ద్రవమై అంకె చూపు గుణమును కోల్పోవును. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున జార్జి గ్రే 1972-73 సంవత్సరములలో తయారుచేసిన స్థిరమైన పదార్థములలో ప్రసిద్ధి చెందినది కూడ, ఒంటరిగా, 35 డిగ్రీలకే తేటపడును. కర్నూలు వేసవికి అది ఉదయపు వేడిమి. అట్టివి నాలుగింటిని పాళ్లు కుదిర్చి కలిపినపుడు ఆ హద్దు దాదాపు 60 డిగ్రీలకు పెరిగెను. ఆ మిశ్రమము లేకున్న మండుటెండలో అంకెల మీటరు మన పొలములలో పనికి వచ్చెడిది కాదు. ఇప్పటికిని ఎండలో నిలిపిన జీపులో మరచిన మీటరు ముఖము నల్లబారుట కలదు. నీడకు తెచ్చి చల్లబరచినచో చాలవరకు తానే తేరుకొనును; పలుమార్లు అట్లు జరిగినచో పైపొరలు శాశ్వతముగా చెడును.

1970ల రెండవ భాగమున ఇంటర్సిల్ సంస్థ ‘7106’ అను చిన్న చిప్‌ను చేసెను. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడచుచు, వోల్టేజిని కొలిచి, ద్రవస్ఫటికపు అంకెలను తానే నడిపించుట దాని ప్రత్యేకత. 1977లో ఫ్లూక్ సంస్థ చేతిలో ఇముడు మీటరును అంగడికి తెచ్చెను. ఆ పిదప అల్ప మూల్యపు మీటర్లు వెల్లువగా వచ్చినవి. వీనిని ‘మూడున్నర అంకెల’ మీటర్లందురు. కుడివైపు మూడు స్థానములలో సున్న మొదలు తొమ్మిది వరకు ఏ అంకెయైన రావచ్చును. ఎడమ చివర ‘ఒకటి’ మాత్రమే రాగలదు. కావున దాని గరిష్ఠ సంఖ్య 1999.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము. ఈ ముఖము మీది ప్రతి అంకెయు ఏడు గీతలతో కూర్చబడును. ఏడు గీతలును కనబడిన ఎనిమిది. నడిమి గీత రాలినచో ఎనిమిది సున్న యగును. కుడివైపు పై గీత రాలినచో ఆరగును. ఎడమవైపు క్రింది గీత రాలినచో తొమ్మిది యగును. పై గీత పోయిన ఏడు ఒకటి యగును. కుడి పై గీత పోయిన తొమ్మిది ఐదగును. ముల్లు చెడినచో అది తడబడును, ఇరుకుకొనును, సున్నకు తిరిగి రాదు. చూచువానికి అనుమానము కలుగును. గీత రాలిన అంకె ఇంకొక చక్కని అంకెగా కనబడును. దాని ముఖమున తడబాటు ఏమియు ఉండదు. పూర్తిగా చచ్చిన ముఖము ఎవ్వరిని మోసగింపదు. సగము చెడిన ముఖమే మోసగించును.

ఇది వట్టి లెక్కల వినోదము కాదు. మూడు ఉదాహరణములు చెప్పెదము. ట్రాక్టరు బ్యాటరీ 12.60 వోల్టులు కలిగి ఆరోగ్యముగా నున్నది. మీటరులో ఎడమ చివరి ‘ఒకటి’ రాలినది. ముఖము మీద 2.60 కనబడును, మంచి బ్యాటరీ పాత సామానులో పడును. రెండవది: బోరు మోటారునకు మూడు ఫేజుల నడుమ 415 వోల్టులు రావలసియుండగా 330 మాత్రమే వచ్చుచున్నది. మీటరులో దుమ్ము, చెమ్మ చేరి ప్రక్క ప్రక్క దారుల నడుమ లంకె పడుటచే మూడునకు ఎడమవైపు పై గీత అదనముగా వెలసినది. నడిమి మూడు తొమ్మిదియై 390 కనబడును. ఫరవాలేదని రైతు మోటారు నడపును. తక్కువ వోల్టేజిలో మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కును, చుట్టలు కాలును, నీరందక వేరుశనగ వాడును.

మూడవది ప్రాణముతో కూడినది. కొలువదలచినది మీటరు స్థాయిని మించినపుడు ఇట్టి మీటర్లు కుడివైపు అంకెలను మరుగుపరచి ఎడమ చివరి ‘ఒకటి’ని మాత్రము చూపును. అది ‘నా శక్తికి మించినది’ అను సంకేతము. 200 వోల్టుల స్థాయిలో మీటరునుంచి 230 వోల్టుల తీగను తాకించినచో ఆ ఒంటి గీత కనబడవలెను. ఆ గీతయే రాలిపోయిన మీటరులో ముఖము ఖాళీగా ఉండును. తీగలో విద్యుత్తు లేదని తలచి చేయి వేసినవాని గతి ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క సన్నని గీత విలువ ఇంతటిది.

గీతలు ఏల రాలును? ద్రవస్ఫటికపు గాజు పలకకును, క్రింది సర్క్యూటు పలకకును నడుమ సాధారణముగా టంకము ఉండదు. నడుమ ఒక సన్నని రబ్బరు కడ్డీ ఉండును. అందులో విద్యుత్తును పోనిచ్చు పొర, పోనీయని పొర ఒకదాని ప్రక్క నొకటి సన్నని చారలుగా పేర్చబడియుండుటచే దానిని జీబ్రా రబ్బరందురు. గాజు మీది ప్రతి గీతకును క్రింది రేకునకును ఈ చారలే వంతెనలు. ఆ రబ్బరు కేవలము నొక్కుడు బలముతో నిలిచియుండును. మీటరు క్రింద పడినను, మరలు వదులైనను, ఏండ్లకు రబ్బరు ముడుచుకొన్నను వంతెన తెగును. బేతంచెర్ల పాలిషు రాళ్ల పొడి, ఎఱ్ఱగుంట్ల వైపు సిమెంటు దుమ్ము వంటి మెత్తని ధూళి సందులలో చేరినను తెగును. అనగా చెడినది కొలత కాదు, కొలతను కంటికి చేర్చు వంతెన. లోపలి మీటరు నిజమునే చెప్పుచున్నది. ముఖము దానిని సరిగా పలుకలేకున్నది. మరమ్మతునకు ఆశ ఇచ్చట కలదు.

మరమ్మతు క్రమమును తెలిసినవారు ఈ విధముగా పాటింతురు. మొదట బ్యాటరీని చూతురు. నీరసించిన బ్యాటరీ వలన అంకెలు మసకబారుటయే గాక కొలతయు తప్పును. క్రొత్త బ్యాటరీతోనే సగము జబ్బులు తీరును. పిదప ముఖపు అంచును వ్రేలితో మెల్లగా నొక్కి చూతురు. నొక్కినపుడు రాలిన గీత తిరిగి వచ్చినచో దోషము రబ్బరు వంతెనదని నిశ్చయము. అప్పుడు కొలత తీగలను మొదట ఊడదీసి, బ్యాటరీని తొలగించి, ఆ తరువాతనే వెనుక మూత విప్పుదురు. తీగలు తగిలియుండగా మూత విప్పుట మృత్యువుతో పరిహాసమాడుటయే.

గాజు పలక ఏ వైపు ఎట్లున్నదో గురుతు పెట్టుకొని మెల్లగా పైకి తీయవలెను. రబ్బరు కడ్డీని సాగదీయరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపిన, నూగు రాలని మెత్తని గుడ్డతో రబ్బరు అంచులను, గాజు అంచును, సర్క్యూటు పలక మీది మెరయు రేకులను తుడువవలెను. ఇసుక కాగితము తగిలింపరాదు. రేకుల మీది పలుచని పూత లేచిపోవును. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడుచు ద్రవము దరిదాపులకు రానీయరాదు. గాజు మీది పైపొర పాడగును. అంతయు ఆరిన పిమ్మట రబ్బరును తలక్రిందుగా త్రిప్పి అమర్చినచో క్రొత్త అంచు పనికి వచ్చును. మరలను ఒకేసారి ఒక ప్రక్క బిగింపక, ఎదురెదురు మూలలను కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక ప్రక్క నొక్కుడు ఎక్కువై రెండవ ప్రక్క తక్కువైనచో మరల కొన్ని గీతలు రాలును. గాజు పగులుటయు కలదు.

బాగుపడని జబ్బులును కొన్ని కలవు. గాజు పగిలి సిరా మరకవలె నల్లని మచ్చ వ్యాపించినచో ద్రవము చెడినదని అర్థము. పలకను మార్చుట తప్ప వేరు దారి లేదు. కొన్ని పాత మీటర్లలో రబ్బరునకు బదులు వేడితో అతికించిన పలుచని పట్టీ ఉండును; అది లేచినచో మరల అతికించుటకు నేర్పరి చేయి కావలెను. బ్యాటరీ కారి రాగి దారులు పచ్చబారినచో మొదట ఆ చిలుమును వదలించి, తెగిన దారులను సన్నని తీగతో కలుపవలెను.

మరమ్మతు ముగిసిన పిమ్మట పరీక్ష. ఇది లేని మరమ్మతు సగము పనియే. పైన చెప్పిన 7106 చిప్‌లో పరీక్ష కొరకే ఒక కాలు కలదు. దానిని ధన విద్యుత్తుతో కలిపినపుడు అన్ని గీతలును ఒక్కసారిగా వెలసి, ముందు ఋణపు గురుతుతో 1888 అను సంఖ్య కనబడును. ఏ గీత కొదువయైనను అప్పుడు దాచుకొనలేదు. రైనిట్జర్ ద్రవస్ఫటికమును చూచినదియు, వెస్టన్ మీటర్ల కర్మాగారము వెలసినదియు ఆ సంఖ్య గల యేడే యగుట కాకతాళీయము. కాని గుర్తుంచుకొనుటకు అనువైనది. ఈ పరీక్ష క్షణకాలమే చేయవలెను. ద్రవస్ఫటికమునకు ఎల్లప్పుడు దిశ మారుచుండు విద్యుత్తు కావలెను. పరీక్షలో ఒకే దిశ విద్యుత్తు తగులును గనుక, ఎక్కువసేపు ఉంచినచో గాజు పలకయే చెడును. మూత విప్పనక్కరలేకయే, త్రిప్పుడు మీటను ఆన్ చేయగానే అన్ని గీతలను ఒకమారు చూపు మీటర్లును పెక్కు కలవు. ఆ ఒక్క క్షణము ముఖము వైపు చూచుట అలవాటు చేసికొనవలెను.

అట్టి సౌకర్యము లేని మీటరునకు వేరు పరీక్ష కలదు. తెలిసిన విద్యుత్తును మొదట కొలిచి చూడవలెను: క్రొత్త టార్చి బ్యాటరీ ఒకటిన్నర వోల్టు, వాహనపు బ్యాటరీ పండ్రెండు వోల్టుల దాపు. స్థాయి మించిన సంకేతమును చూచుటకు ఓముల స్థాయిలో తీగల కొనలను విడిగా ఉంచినచో చాలును. ఎడమ చివరి ‘ఒకటి’ అప్పుడు కనబడి తీరవలెను. తీగలో విద్యుత్తు లేదని నిశ్చయించుకొనదలచినవారు ముందొకసారి బ్రతికియున్న తీగ మీద, పిదప పని తీగ మీద, తరువాత మరల బ్రతికియున్న తీగ మీద మీటరును పరీక్షింతురు. మూడు మార్లు కొలుచుట ఆలస్యమని తోచవచ్చును. ప్రాణము కన్న అది విలువైన కాలము కాదు.

క్రొత్త మీటరు స్వల్ప మూల్యమునకు దొరకుచుండగా పాతదానిని బాగుచేయుట ఏల యని కొందరడుగుదురు. మేలైన పాత మీటరులోని నిరోధములు నిదానమైనవి, ఫ్యూజులు నమ్మదగినవి, తీగల పొరలు మందమైనవి. అల్ప మూల్యపు మీటర్లన్నిటిలో ఈ రక్షణలు ఉండవు. ముఖము మీది ఒక గీత కొరకు అంతటి దానిని పారవేయుట, వాకిలి తలుపు కిఱ్ఱుమన్నదని ఇల్లు విడుచుట వంటిది. మరియు పారవేసిన ఎలక్ట్రానిక్ సరకు ఎక్కడికో మాయమగునది కాదు. దానిలోని సీసము మన నేలనే చేరును.

కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు వీధులలో ఈ పని తెలిసిన చేతులు నేటికిని కలవు. రేడియో నేర్పిన ఓర్పు వారి వ్రేళ్లలో ఉన్నది. అట్టివారి యొద్దకు మీటరును తీసికొనిపోయినపుడు అది పనిచేయుచున్నదా యని మాత్రమే అడుగక, ప్రతి గీతయు కనబడుచున్నదా యని అడుగవలెను. వారు చూపువరకు నిలిచి చూడవలెను. అంకె ముల్లు కన్న స్పష్టముగా మాటలాడును. స్పష్టముగా పలికిన మాట సత్యమే కావలెనను నియమము లేదు గనుక, దానిని ముందుగా పరీక్షించు భారము మన కన్నులదే.